దెబ్బకు ముందటి లెక్క

మా మిడుతూరు వాళ్లకు సముద్రం చూడాలంటే నెల్లూరు దాటి పోవాలి. అయినా ఈ వారం తీరం గురించే రాయాలనిపించింది. మా పొలాల్లో కురిసిన వాన వంకల్లో పడి కుందేరుకు చేరుతుంది. ఓర్వకల్లు వైపు పుట్టిన ఆ ఏరు నంద్యాల మీదుగా దిగి, కడప జిల్లా కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. పెన్న సోమశిల జలాశయంలో ఆగి, నెల్లూరు దాటి, ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో పడుతుంది. చేలల్లో పైరు తినగా మిగిలిన యూరియా, పట్టణాలు వదిలే మురుగు పోయేదీ ఆ దారినే. వానలు లేని ఏడాది అందులో చాలా భాగం మధ్యలోనే నిలిచిపోతుంది. సోమశిల గేట్లు ఎత్తిన ఏడాది నిలవదు.

2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశం మొత్తంలో 351 నదీ భాగాలు కలుషితమయ్యాయని జాబితా వేసింది. అందులో ఆంధ్రప్రదేశ్‌వి ఐదు. గోదావరి, కృష్ణ, తుంగభద్ర, నాగావళి, ఆ పక్కనే మా కుందేరు, నంద్యాల నుంచి మద్దూరు వరకు. అయిదు తరగతుల్లో చివరిది దానికి దక్కింది. అంటే నీటిలోని మురుగును సూక్ష్మజీవులు అరిగించుకోవడానికి కావలసిన ఆక్సిజన్, బీఓడీ అంటారే, అది లీటరుకు 3 నుంచి 6 మిల్లీగ్రాముల మధ్య ఉంది. స్నానానికి పనికొచ్చే నీటికి ఆ హద్దు 3. ఏరు చచ్చిపోలేదు, జబ్బు పడింది. ఆ జాబితా చదివిన రోజు నాకు కోపం కంటే ముందు ఒక ప్రశ్న పుట్టింది: జబ్బు పడకముందు ఈ ఏటి నీరు ఎలా ఉండేది? పెద్దవాళ్లను అడిగితే దోసిలితో తాగేవాళ్లమంటారు. ఆ మాటను నేను పూర్తిగా నమ్ముతాను. కానీ నష్టం తేల్చే చోట దానికి విలువ కట్టేవాళ్లు ఉండరు. సర్వే రాయి పాతని పొలంలో గట్టు ఎంత జరిగిందో ఎవరు తేల్చగలరు?

చెడిన తీరాన్ని అంచనా వేసి బాగుచేసే విద్య గురించి చదివే కొద్దీ నాకు ఇదే గట్టిపడింది. అందులో కష్టమైన సగం దెబ్బ తగలకముందే జరిగిపోవాలి. ఆ సగాన్ని మనం దాదాపు ఎప్పుడూ చేయం.

దెబ్బ ఎలా తగులుతుందో ఒక ఉదాహరణ చూడండి. 2017 జనవరి 28 తెల్లవారుజామున చెన్నై పక్కన ఎన్నూరులో, కామరాజర్ ఓడరేవు బయట రెండు ఓడలు ఢీకొన్నాయి. ఒకటి గ్యాస్ మోసే బీడబ్ల్యూ మేపుల్, ఇంకొకటి చమురు మోసే డాన్ కాంచీపురం. చిక్కటి నల్ల ఇంధనం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. జాలర్లు, విద్యార్థులు, కోస్ట్‌గార్డ్ సిబ్బంది బకెట్లతో దాన్ని ఎత్తిపోశారు. ఆ ఫొటోలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. చమురు ఏ ఒడ్డుకు పోతుందో గాలి, ప్రవాహాల లెక్కలు కట్టి చెప్పింది మన హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రం మీది చమురు దారిని లెక్కగట్టడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

అదే ఎన్నూరుకు 2023 డిసెంబరులో మళ్లీ దెబ్బ తగిలింది. మిచాంగ్ తుపాను తీరం దాటింది మన బాపట్ల దగ్గరైనా, చెన్నైని వరదలో ముంచి పోయింది. ఆ వరదతో పాటు మణలి పారిశ్రామిక వాడ నుంచి చమురు బకింగ్‌హాం కాలువలోకి, అక్కడి నుంచి కొసస్తలై నది ముఖద్వారంలోకి దిగింది. మన నగరి కొండల నీళ్లు కూడా కలిసే నది అది. కాట్టుకుప్పం దగ్గర మడ చెట్ల వేళ్లకు చమురు అంటుకుంది. గూడబాతుల రెక్కలు నల్లబడ్డాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి తనంతట తానే కేసు తీసుకుంది.

ఇలాంటప్పుడు అంచనా వేసే మనిషి చేసే పని చూడటానికి ఏమంత ఘనంగా ఉండదు. ఒడ్డును ముక్కలుగా విడగొట్టి ఒక్కో ముక్క వెంట నడుస్తాడు. జిడ్డు పట్టీ ఎన్ని మీటర్ల వెడల్పు, ఎంత మందం, నేలలో నూటికి ఎంత భాగాన్ని కప్పింది, అలల గీతకు పైనా కిందా అన్నీ రాసుకుంటాడు. ఇసుకలో గుంతలు తవ్వి చూస్తాడు. పైన శుభ్రంగా కనిపించే ఇసుక కింద జానెడు లోతున చమురు పొర దాగి ఉండొచ్చు. అలలు ఇసుకను కప్పుతాయి, తీస్తాయి, మళ్లీ కప్పుతాయి. అందుకే పైచూపు పనికిరాదు. తర్వాత ఆలుచిప్పలు ఏరుకుని ప్రయోగశాలకు పంపుతాడు. అవి రోజంతా నీటిని వడగట్టి బతికే జీవులు కాబట్టి నీటిలోని విషం వాటి మాంసంలో పేరుకుంటుంది. చమురులో ఉండే కొన్ని అణువులు ఏళ్ల తరబడి చెక్కుచెదరవు. వాటి నిష్పత్తి చూసి అది ఏ ఓడ చమురో, ఏ గొట్టం చమురో పోల్చుకోవచ్చు. అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం చివర వస్తుంది. శుభ్రం చేయడం ఎక్కడ ఆపాలి?

ఈ ప్రశ్న విషయంలో ప్రపంచం చాలా ఖరీదైన పాఠం నేర్చుకుంది. 1989 మార్చి 24న అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ రాళ్లకు గుద్దుకుని దాదాపు 1.1 కోట్ల గ్యాలన్ల ముడి చమురును వదిలింది. కడగాలన్న ఆత్రంలో రాతి ఒడ్డులను వేడినీటితో, పెద్ద ఒత్తిడితో కొట్టి కడిగారు. కొన్ని చోట్లను మాత్రం పోల్చి చూడటానికి కడగకుండా వదిలేశారు. ఆ వదిలేసిన ముక్కలే అసలు నిజం చెప్పాయి. రాళ్లను పట్టుకుని బతికే నాచు, గవ్వలు కడగని చోట త్వరగా కోలుకున్నాయి. వేడినీళ్లు చమురు చంపని వాటిని కూడా చంపాయి. ఒడ్డు కంటికి శుభ్రంగా కనిపించాలన్న తొందర ఎంత పని చేస్తుందో చూడండి. జనం, విలేఖరులు, నాయకులు అందరూ చూస్తుండగా, ఏమీ చేయకుండా ఒక ముక్కను వదిలి, కాగితం మీద కొలతలు రాసుకుంటూ కూర్చోవడానికి చాలా ధైర్యం కావాలి. అలా కూర్చున్నవాళ్ల మీద నాకు అపారమైన గౌరవం.

మన తీరానికి వస్తే మడ అడవుల కథ ఈ విద్యకు మంచి ఉదాహరణ. తమిళనాడు పిచ్చావరంలో ఒకప్పుడు అడవిని వంతులవారీగా నరికేవారు. నరికిన చోట నేల పళ్లెంలా దిగబడింది. పోటుకు లోపలికి వచ్చిన నీరు పాటుకు బయటికి పోలేక నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పు మిగిల్చేది. అంత ఉప్పులో మడ విత్తనం మొలవలేదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ వాళ్లు మొక్కలు నాటడానికి ముందు ఈ కారణం పట్టుకున్నారు. ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా చేపముల్లు ఆకారంలో పిల్ల కాలువలు తవ్వారు. రోజూ పోటుపాట్లకు నీరు ఆడి ఉప్పును కడిగేసింది. ఆ తర్వాతే కాలువ గట్ల మీద తెల్ల మడ మొక్కలు పెట్టారు. 1990ల చివర్లో ఇదే పద్ధతి మన గోదావరి, కృష్ణా డెల్టాలకు వచ్చింది. కోరంగి దగ్గర మట్లపాలెం లాంటి ఊళ్లలో జాలరి కుటుంబాలే అటవీ శాఖతో కలిసి కాలువలు తవ్వి, పూడిక తీస్తూ అడవిని నిలబెట్టాయి. ఆ పూడికతీత ముఖ్యమైనది. నీరు ఆడకపోతే రెండు మూడేళ్లలో మళ్లీ ఉప్పు పేరుకుంటుంది.

ఒక రోజులో ఇన్ని వేల మొక్కలు నాటాం అనే ప్రకటనలు చూస్తే అందుకే నాకు మనసు కలుక్కుమంటుంది. నేల ఎందుకు బోసిపోయిందో తెలుసుకోకుండా నాటిన మొక్క అదే కారణంతో చస్తుంది. నాటిన సంఖ్యను బ్యానర్ మీద రాస్తారు. మూడేళ్ల తర్వాత ఎన్ని బతికాయో రాసిన కాగితం ఒకటి చూపిస్తే ఆ ఊరికి నేనే వెళ్లి చేతులెత్తి మొక్కి వస్తాను.

మాలాంటి లోతట్టు ఊళ్లకు తీరంతో ఏం పని అనేవాళ్లకు అమెరికా సంగతి చెప్పాలి. మెక్సికో సింధుశాఖలో ఏటా వేసవిలో వేల చదరపు కిలోమీటర్ల మేర సముద్రం అడుగున ఆక్సిజన్ పడిపోయి, కదలగలిగిన చేపలు పారిపోతాయి, కదలలేనివి చచ్చిపోతాయి. కారణం ఎక్కువగా అయోవా, ఇల్లినాయి లాంటి రాష్ట్రాల మొక్కజొన్న చేలల నత్రజని. అది మిసిసిపీ నది వెంట దిగి వస్తుంది. ఆ రైతుల్లో చాలామంది తమ జీవితంలో ఆ సముద్రాన్ని చూసి ఉండరు. మా దగ్గరా మొక్కజొన్న పండుతుంది. కాకపోతే అక్కడ 1985 నుంచీ దాదాపు ప్రతి వేసవిలో ఓడ మీద వెళ్లి ఆ ప్రాంతాన్ని కొలుస్తున్నారు. అందుకే ఏ ఏడాది పెరిగిందో, ఏ ఏడాది తగ్గిందో వాదించుకోవడానికి వాళ్ల చేతిలో అంకెలున్నాయి.

కుందేరుకు అలాంటి వరుస అంకెలు కావాలి. కష్టమైన పనేమీ కాదు. నీటిలోని ఆక్సిజన్‌ను కొలిచే వింక్లర్ పద్ధతి 1888 నాటిది, డిగ్రీ కెమిస్ట్రీ ల్యాబులో జరిగిపోయేది. గాజు సీసాను నీటి లోపలే, గాలి బుడగ లేకుండా నింపి మూత పెట్టాలి. ఏటి గట్టు మీదే మాంగనీస్ సల్ఫేటు, క్షారం కలిపిన అయోడైడు వేస్తే గోధుమరంగు మడ్డి దిగుతుంది. ఆక్సిజన్ లేకపోతే మడ్డి తెల్లగా ఉంటుంది, అంత సూటిగా చెప్పేస్తుంది. ల్యాబుకు తెచ్చి ఆమ్లం వేసి, గంజి చుక్కలతో నీలం తెప్పించి, ఆ నీలం పోయేదాకా థయోసల్ఫేటు బొట్టు బొట్టుగా దించాలి. చాలా చేపలకు లీటరుకు 5 మిల్లీగ్రాములైనా ఉంటే బాగుంటుంది.

నంద్యాల, నందికొట్కూరు కళాశాలల అధ్యాపకులకు నా విన్నపం ఇదే. నంద్యాల మురుగు కలవకముందు, మిడుతూరు వైపు ఒక చోటు, పట్టణం దాటాక ఒక చోటు, మద్దూరు దగ్గర ఒక చోటు ఎంచుకోండి. ప్రతి నెలా ఒకే తేదీన, తెల్లవారక ముందే వెళ్లండి, ఎందుకంటే రాత్రంతా నాచు కూడా ఊపిరి పీల్చి ఆక్సిజన్ ఆ వేళకే అడుగంటుతుంది. నీటి లోతు, ఆ రోజు వాన, కనిపించిన చేపల పేర్లు మా ఊరి మాటల్లోనే పక్కన రాయండి. పుస్తకం కళాశాల గ్రంథాలయంలో ఉంచండి. జూన్ వానలు పడకముందే మొదటి సీసా నింపితే, మొదటి వరద నీటికి పోల్చుకునే అంకె దొరుకుతుంది.