పదహారు గంటల ఉపవాసంలో కాలేయం పనితనం

గగన్‌పహాడ్ పారిశ్రామికవాడలోనూ, 2008లో మొదలైన శంషాబాద్ విమానాశ్రయంలోనూ పని షిఫ్టుల మీద నడుస్తుంది. ఇక్కడ చాలామంది భోజన వేళను నిర్ణయించేది డ్యూటీ రోస్టరే. సాయంత్రం ఏడింటికి తినడం ఆపి మర్నాడు పదకొండింటికి మళ్లీ మొదలుపెట్టే పద్ధతిని నేనూ పాటిస్తున్నాను. ఆ పదహారు గంటలూ లోపల ఏం జరుగుతుందో తెలిశాక, ఆకలి మీద కన్నా కాలేయం మీదే ధ్యాస ఎక్కువైంది.

ఒంట్లోని నెత్తురంతటిలో ఉండే గ్లూకోజు సుమారు 5 గ్రాములు, ఒక చెంచాడు. మెదడు ఒక్కటే గంటకు దాదాపు అంత ఖర్చు చేస్తుంది. అయినా రాత్రంతా ఆ చెంచాడు తరగదు. తరగకుండా చూసేది కాలేయంలో దాచిన గ్లైకోజెన్, సుమారు 100 గ్రాములు.

గ్లూకోజును విడివిడిగా దాస్తే కణం నీటిని లాక్కొని ఉబ్బిపోతుంది. అందుకని కాలేయం దాన్ని గొలుసులుగా కూరుస్తుంది. నడిమధ్య గ్లైకోజెనిన్ అనే ప్రోటీను. దాని నుంచి బయలుదేరిన గొలుసుకు పది పన్నెండు గ్లూకోజులకో కొమ్మ, ఆ కొమ్మకు మళ్లీ కొమ్మలు. ఒక్కో రేణువులో 50 వేల దాకా గ్లూకోజులు పడతాయి. కోత మొదలయ్యేది కొసల నుంచే. కొమ్మలెన్నో కొసలన్ని కాబట్టి, అవసరం పడితే ఒకేసారి ఎన్నో చోట్ల కోయవచ్చు.

తిన్న కొన్ని గంటలకు ఇన్సులిన్ తగ్గుతుంది, క్లోమంలోని ఆల్ఫా కణాలు గ్లూకగాన్ వదులుతాయి. ఆ సంకేతం అందగానే కాలేయంలో ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైము కొస నుంచి ఒక్కో గ్లూకోజునూ విడదీస్తూ లోపలికి వస్తుంది. కొమ్మ మొదలు ఇంకా నాలుగు గ్లూకోజుల దూరం ఉందనగా ఆగిపోతుంది. అప్పుడు రెండో ఎంజైము వస్తుంది. ఆ నాలుగింటిలో మూడింటిని ఒకే ముక్కగా తీసి పక్క గొలుసు కొసకు అతుకుతుంది, నాలుగోదాన్ని మొదలంటా కోస్తుంది. గొలుసు తిన్ననవుతుంది, మొదటి ఎంజైము మళ్లీ పని అందుకుంటుంది. అతికే పనీ కోసే పనీ ఒకే ప్రోటీను చేస్తుంది! ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం ఇదే.

ఫాస్ఫోరిలేజ్ విడదీసిన గ్లూకోజుకు ఒక ఫాస్ఫేటు తగిలి ఉంటుంది. అది ఉన్నంతసేపు గ్లూకోజు కణం దాటదు. దాన్ని ఊడదీసే ఎంజైము కాలేయానికి ఉంది, కండరాలకు లేదు. కండరాల్లో ఇంతకు మూడు నాలుగింతల గ్లైకోజెన్ ఉన్నా అది వాటి సొంతానికే. కాలేయం దాచేది ఒళ్లంతటి కోసం.

తెల్లవారేసరికి ఆ నిల్వ బాగా తగ్గుతుంది. కొవ్వు కరిగి కాలేయానికి చేరి, అక్కడ కొంత కీటోన్లుగా మారుతుంది. పదహారు గంటలకు ఇది ఇంకా ఆరంభమే. కీటోన్లను వాడుకునే ఎంజైము మాత్రం కాలేయంలో లేదు, కాబట్టి చేసినదంతా మెదడుకూ గుండెకూ కండరాలకూ పోతుంది. అక్కడ ఏది ఖర్చయినా చివరికి తయారయ్యేది కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు. 1929లో దాన్ని కనుగొన్నవాళ్లలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

మెదడులోని గడియారం వెలుతురును చూసి సర్దుకుంటే, కాలేయంలోని గడియారం తిండి వేళను చూసి సర్దుకుంటుంది. రాత్రి రెండింటికి బిర్యానీ తినడం అలవాటైతే రెండూ చెరో వేళ చూపిస్తాయి. షిఫ్టు మారినా భోజన వేళను వీలైనంత నిలకడగా ఉంచుకోమనేది అందుకే. వేళ పట్టుకుని తినడం మనకు కొత్తేమీ కాదు: కార్తీకంలో నక్తాలున్నాయి, రంజాన్‌లో సహర్, ఇఫ్తార్ ఉన్నాయి.

ఇన్సులిన్ గానీ, క్లోమం చేత ఇన్సులిన్ ఎక్కువగా వదిలించే మాత్రలు గానీ వాడేవాళ్లు ఈ ఏర్పాటును నమ్ముకోకూడదు. గ్లూకగాన్ బయటికి తియ్యమంటుంటే మందు లోపల దాచమంటుంది, నెత్తుటిలో చక్కెర పడిపోతుంది. డాక్టరు మోతాదు సరిచేశాకే వాళ్లు మొదలుపెట్టాలి.