ప్లాటర్ బతికితే చాలు

2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక భూమికి తిరిగొస్తూ టెక్సస్ ఆకాశంలో ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా అందులోని ఏడుగురూ మరణించారు. ఆరు నెలల తర్వాత ఎండిపోయిన ఒక చెరువు గర్భంలో దొరికిన శకలాల్లో ఒక లోహపు ముద్ద ఉంది. అది ఒకప్పటి సీగేట్ హార్డ్ డ్రైవ్. మినెసోటాలోని క్రోల్ ఆన్‌ట్రాక్ సంస్థలో జాన్ ఎడ్వర్డ్స్ అనే ఇంజనీరు చేతికి వచ్చేసరికి దాన్ని డ్రైవ్‌గా పోల్చుకోవడమే కష్టం. ప్లాస్టిక్ అంతా కరిగిపోయింది, బోర్డు మీది చిప్‌లు కాలిపోయాయి. అయినా అందులోంచి దాదాపు 99 శాతం డేటా బయటికి వచ్చింది.

ఎలా వచ్చిందో తెలియాలంటే డ్రైవ్ లోపలి ఏర్పాటు చూడాలి. అద్దంలా నున్నటి గుండ్రటి పలకలు ఇరుసు మీద బిగించి ఉంటాయి. వాటినే ప్లాటర్లంటారు. వాటి మీద పలుచటి అయస్కాంత పూత ఉంటుంది. ఆ పూతలో చోటు చోటుకీ మారే అయస్కాంత దిశే మనం దాచుకున్న సమాచారం. ఇరుసును మోటారు వేగంగా తిప్పుతుంది. సన్నటి చేతి చివర ఉండే హెడ్ ప్లాటర్‌ను తాకదు. ఆ వేగానికి పుట్టే గాలిపొర మీద తేలుతుంది. ఆ సందు దుమ్ము రేణువు కన్నా సన్నం కాబట్టే పెట్టెకు అంత పకడ్బందీ సీలు. అడుగున ఉండే బోర్డు మోటారును తిప్పుతుంది, చేతిని నడుపుతుంది, హెడ్ పంపే బలహీనమైన సంకేతాన్ని అంకెలుగా మారుస్తుంది. ఇన్నిటిలో మన డేటా ఉండేది ఆ పూతలోనే. మిగతావన్నీ దాన్ని రాసి చదివే సాధనాలు.

రిపేరు చేసేవాళ్ళ ఆలోచనంతా ఈ తేడా మీదే నడుస్తుంది. కరెంటు ఇచ్చినా ఉలుకూ పలుకూ లేకపోతే ముందు బోర్డును, తర్వాత మోటారును అనుమానిస్తారు. తిరుగుతూ టక్ టక్ మంటే, హెడ్‌కు దారి గుర్తులు దొరకడం లేదని చాలాసార్లు అర్థం. చప్పుడు మామూలుగానే ఉండి కంప్యూటర్ డ్రైవ్‌ను గుర్తించకపోతే జబ్బు ఇంకా లోపల ఉండవచ్చు. బోర్డు నడవడానికి కావలసిన ఫర్మ్‌వేర్‌లో కొంత ప్లాటర్ల మీదే ఒక మూల రాసి ఉంటుంది; ఆ మూల చెడితే బోర్డు పని మొదలుపెట్టలేదు.

దీనికి హాట్ స్వాప్ అనే నేర్పైన ఉపాయం ఉంది. అదే మోడల్, అదే ఫర్మ్‌వేర్ ఉన్న మంచి డ్రైవ్‌ను డోనర్‌గా తెచ్చి ఆన్ చేస్తారు. అది తన ప్లాటర్ల నుంచి ఫర్మ్‌వేర్ చదువుకుని సిద్ధమయ్యాక నిద్రపొమ్మని ఆదేశిస్తారు. మోటారు ఆగుతుంది, బోర్డుకు కరెంటు మాత్రం ఆగదు. అలా కరెంటు ఉండగానే మరలు విప్పి, బోర్డును చెడిన డ్రైవ్‌కు బిగిస్తారు. స్క్రూడ్రైవర్ కొస జారి రెండు పిన్నులను కలిపితే బోర్డు పోయినట్టే. జారకపోతే, ఫర్మ్‌వేర్ ఇంకా మెమరీలోనే ఉన్న బోర్డు, తన కింద డ్రైవ్ మారిన సంగతి తెలియకుండానే మోటారును తిప్పి చదవడం మొదలుపెడుతుంది. చెడిన మూలతో దానికి పనే పడదు. హెడ్‌లూ ప్లాటర్లూ బాగుండి, రెండు డ్రైవ్‌ల సర్దుబాట్లు దగ్గరగా ఉంటేనే ఇది ఫలిస్తుంది.

కొలంబియా డ్రైవ్‌కు ఇది చాలదు. సీలు కూడా కరిగి లోపలికి మట్టి చేరే దారి తెరుచుకుంది. కానీ ప్లాటర్లు వంకర పోలేదు. గీతలూ గుంటలూ పడ్డాయి గానీ, అర గిగాబైట్ కూడా పట్టని ఆ డ్రైవ్ సగమే నిండింది; దెబ్బలు పడింది ఇంకా ఏమీ రాయని చోట. పైగా దాన్ని నడిపిన డాస్ ఆపరేటింగ్ సిస్టమ్, ఫైళ్ళను డిస్కంతా చెల్లాచెదురు చేయలేదు. ఇంతవరకూ అదృష్టం. అక్కడి నుంచి చేతిపని. ఎడ్వర్డ్స్ ప్లాటర్లను రసాయన ద్రావణంతో శుభ్రం చేసి, కొత్తగా కూర్చిన డ్రైవ్‌లో అమర్చారు. పని రెండు రోజుల్లో పూర్తయింది. నౌకలోని మరో రెండు డ్రైవ్‌ల నుంచి మాత్రం ఏమీ రాలేదు.

డ్రైవ్‌లో ఉన్నవి జెనాన్ మీద చేసిన ప్రయోగపు కొలతలు. సుమారు 16.6 డిగ్రీల సెల్సియస్ దగ్గర, తగిన పీడనంలో, జెనాన్ ద్రవమో వాయువో తేల్చలేని స్థితికి చేరుతుంది. భూమి మీదైతే దాని బరువే దాన్ని అణిచి కొలతను పాడుచేస్తుంది. అందుకే అంతరిక్షానికి తీసుకెళ్ళారు. వేగంగా కదిలిస్తే దాని చిక్కదనం తగ్గుతుందా అన్నది ప్రశ్న. కొంత డేటా ప్రయాణంలో ఉండగానే రేడియో ద్వారా భూమికి చేరింది. మిగతాది ఈ ముద్దలో ఉండిపోయింది. తగ్గుతుందన్న జవాబును, ఆ ప్రయోగం చేసిన రాబర్ట్ బెర్గ్ బృందం 2008 ఏప్రిల్‌లో ‘ఫిజికల్ రివ్యూ ఇ’ పత్రికలో ప్రచురించింది.

మన బల్ల మీది డ్రైవ్ టక్ టక్ మన్నప్పుడూ ఇదే లెక్క. వెంటనే ఆపేయాలి. ఈసారి పనిచేస్తుందేమోనని మళ్ళీ మళ్ళీ ఆన్ చేస్తే, దెబ్బతిన్న హెడ్ పూతను గీకేయవచ్చు. బోర్డు, మోటారు, హెడ్ మరో డ్రైవ్ నుంచి తెచ్చుకోవచ్చు. గీకిపోయిన పూతను ఏ డోనరూ ఇవ్వలేదు.