బొబ్బిలి సాహిత్యంలో బుస్సీ పాత్ర: గోదావరి డెల్టా దృష్టితో పునఃపరిశీలన

ప్రవేశిక

ఫ్రెంచి సేనాని మార్క్విస్ ద బుస్సీ తెలుగు సాహిత్యంలో ప్రధానంగా ఒకే యుద్ధం ద్వారా పరిచితుడు. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి కోట పతనం దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్రము'కు, పెద్దాడ మల్లేశం పేర ప్రచారంలో ఉన్న బొబ్బిలి కథకు, వేదం వేంకటరాయశాస్త్రి నాటకానికి, బుర్రకథలకు, 1964నాటి 'బొబ్బిలి యుద్ధం' చలనచిత్రానికి ఇతివృత్తమైంది. ఈ పరంపరపై వచ్చిన పరిశీలనలు ఎక్కువగా రంగారావు, తాండ్ర పాపారాయుడు, మల్లమ్మదేవి పాత్రల చుట్టూ సాగాయి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో వెలువరించిన 'టెక్స్చర్స్ ఆఫ్ టైమ్' ఈ కథనాలను చరిత్ర రచనలుగా చదవవచ్చునని నిరూపించింది. ఆ మార్గంలోనే బుస్సీ పాత్రను విడిగా తీసుకొని, అదే ఏడాది కోనసీమలో అతని సేన సాగించిన చర్యతో పోల్చి చూడడం ఈ వ్యాసం లక్ష్యం.

అధికారానికి ఆధారం

1751లో నిజాం ముజఫర్ జంగ్ కడప సీమలో హతుడైనప్పుడు, వెంట ఉన్న ఫ్రెంచి దళానికి నాయకుడు బుస్సీ. సలాబత్ జంగ్‌ను గద్దెనెక్కించి, ఆ గద్దెకు తన సేననే కాపలాగా నిలిపాడు. ప్రతిగా గజన్‌ఫర్ జంగ్, సైఫుద్దౌలా వంటి మొగలాయి బిరుదులు పొందాడు. అయితే బిరుదులతో సైనికులకు జీతాలు రావు. 1753లో సలాబత్ జంగ్ ముస్తఫానగరం, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కారులను ఫ్రెంచి సేన పోషణ నిమిత్తం ఇచ్చాడు. రాజమండ్రి సర్కారులో భాగమైన గోదావరి డెల్టా శిస్తు ఆ విధంగా దక్కనులోని సిపాయిల జీతమైంది.

1756లో నిజాం దర్బారుతో వైరం ముదిరి బుస్సీ హైదరాబాదులోని చార్ మహల్‌లో రక్షణ వెతుక్కోవలసి వచ్చింది. ఆ సమయంలో సర్కారులలో వసూళ్లు సడలాయి. గండం గడిచాక అతడు రాజమండ్రికి, అక్కడి నుంచి ఉత్తరానికి కదిలాడు. విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు సేనతో వచ్చి కలిశాడు. బొబ్బిలి ఈ దండయాత్రలోని ఒక మజిలీ. జమీందారుల విధేయతను, శిస్తును మళ్లీ చేతికి తెచ్చుకోవడం దండయాత్ర ప్రయోజనం.

కథలో బుస్సీ

కథాపరంపరలో ఈ ప్రయోజనం వెనక్కి తగ్గింది. దాని స్థానంలో రెండు వంశాల వైరం నిలిచింది. విజయరామరాజు పగబడతాడు, దివాను హైదర్ జంగ్ మాట మారుస్తాడు, బుస్సీ నమ్ముతాడు. వీరగాథకు ఈ అమరిక అవసరం. మహావీరులందరూ హతులయ్యే కథలో ద్రోహి ఇంటివాడైతేనే దుఃఖం గాఢమవుతుంది. పాపారాయుడు విజయరామరాజు గుడారంలోకి చొరబడి అతణ్ణి చంపడంతో కథ ముగియాలంటే, నేరమంతా ముందుగా విజయరామరాజు మీదికి చేరి ఉండాలి. అందుకే ఫిరంగుల యజమాని నేరంలో భాగస్వామి కాకుండా మోసపోయిన అతిథిగా మిగిలాడు.

ఈ చిత్రణను పూర్తిగా కల్పన అనడం సరికాదు. దేశభాషలు, జమీందారీ తగాదాలు ఎరుగని సేనానికి ప్రతి విన్నపమూ మధ్యవర్తి నోటి ద్వారానే చేరుతుంది. ఆ మధ్యవర్తి చేతిలో ఎంత అధికారం ఉంటుందో జానపద కథకుడు పసిగట్టాడు. ఎవరి మాట దొర చెవిన పడుతుందో వారిదే రాజ్యమన్న ఎరుక ఆ కథలో ఉంది. లోపం తరువాతి మెట్టులో ఉంది: వినేవాడు ఎందుకు వింటున్నాడన్న ప్రశ్నను కథ వేయదు. కప్పం సకాలంలో చెల్లించగల విజయరామరాజు మాటకు విలువ ఎక్కువ కావడానికి దుబాసీ కపటం ఒక్కటే కారణం కాదు.

కరుణ ఘట్టం

కోట కూలిన తరువాత ఒక వృద్ధుడు రంగారావు కుమారుణ్ణి తెచ్చి అప్పగించిన ఘట్టాన్ని ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ నమోదు చేశాడు. బుస్సీ ఆ బాలుణ్ణి ఆదరించి, బొబ్బిలికి మారుగా తండ్రికి ఇవ్వజూపిన భూములకే అధిపతిని చేశాడని అతని కథనం. బుస్సీ ఔదార్యానికి తార్కాణంగా నిలిచే ఘట్టమిది. కాని ఆ దయ ధరించిన రూపం గమనార్హం. తండ్రి ప్రాణాలిచ్చి నిరాకరించిన షరతే కొడుకుకు వరంగా దక్కింది. ఎవరు ఏ నేలపై ఉండాలో నిర్ణయించే హక్కు యుద్ధానికి ముందు ఎవరి చేతిలో ఉందో, తరువాతా వారి చేతిలోనే ఉంది.

కోనసీమలో 1757

అదే ఏడాది బుస్సీ సేనలు గోదావరి పాయల మీది మూడు ఆంగ్ల వర్తక స్థావరాలను పట్టుకున్నాయి. అవి నరసాపురం చెంత మాధవాయపాలెం, యానాం చెంత ఇంజరం, అమలాపురం ప్రాంతంలోని బెండమూర్లంక. జూన్‌లో విశాఖపట్నం కూడా లొంగిపోయింది. ఫ్రెంచివారి యానాం గౌతమికి ఒక ఒడ్డున, కోనసీమ ఎదురొడ్డున ఉన్నాయి. నేత బట్టల వర్తకం కోసం రెండు పరదేశ కంపెనీలు ఇంత దగ్గరగా పోటీపడిన ఈ సీమలో బుస్సీ విజయం బొబ్బిలి వలె కావ్యవస్తువు కాలేదు.

కారణం ఊహించదగినదే. బెండమూర్లంకలో కాపాడుకోవలసిన కోట లేదు, వంశకీర్తి లేదు, పాడించుకొనే ప్రభువు లేడు. మారినది బట్టల బేరం ఎవరితో సాగాలన్నది, శిస్తు ఎవరి ఖజానాకు చేరాలన్నది. రైతుకు, నేతగానికి ఇవి బ్రతుకు సమస్యలే అయినా వీరగాథ అలంకారశాస్త్రంలో వాటికి చోటు లేదు. బొబ్బిలిని మండించిన అవసరమూ, బెండమూర్లంకను పట్టుకున్న అవసరమూ కంపెనీ ఆదాయమే. మొదటిది రక్తంతో తడిసినందువల్ల సాహిత్యమైంది. రెండవది దస్తావేజులలో మిగిలింది.

ఆ అధికారం ఎక్కువ కాలం నిలవలేదు. 1758లో లాలీ బుస్సీని దక్కను నుంచి వెనక్కి పిలిచాడు. విజయరామరాజు వారసుడు ఆనందరాజు ఆంగ్లేయులను ఆహ్వానించాడు. ఆ డిసెంబరులో పిఠాపురం సమీపాన చందుర్తి వద్ద ఫ్రెంచి సేన ఓడింది. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పడిపోయింది. 1760లో వందవాసి వద్ద బందీ అయిన బుస్సీ, 1783లో తిరిగి వచ్చి 1785లో పుదుచ్చేరిలో మరణించాడు. డెల్టా శిస్తు మాత్రం ఆగలేదు, చేయి మారింది.

ముగింపు

బొబ్బిలి పరంపర బుస్సీని నిర్దోషిగా నిలపడం వీరగాథ నిర్మాణం కోరిన పరిష్కారం. దానిని కథాధర్మంగా గౌరవించవచ్చు. చరిత్ర తీర్పుగా స్వీకరిస్తే పరాయి పాలన రెండు తెలుగు సంస్థానాల కలహం నుంచి పుట్టిన ప్రమాదంగా కనిపిస్తుంది. డెల్టా వైపు నుంచి చదివినప్పుడు ఆ కలహాన్ని వాడుకున్న జీతాల లెక్క బయటపడుతుంది. బొబ్బిలి కథనాలను ఆస్థాన, జానపద భేదంతో వర్గీకరించడంతో పాటు, అవి శిస్తు గురించి ఎక్కడ మాట్లాడాయి, ఎక్కడ మౌనం వహించాయి అన్న ప్రాతిపదికపై కూడా పరిశీలించవలసి ఉంది. పాడుకోని బెండమూర్లంక, పాడుకున్న బొబ్బిలికి అవసరమైన వ్యాఖ్యానం.