మీరెవరి తాలూకు?

నర్సీపట్నంలో చింతపల్లి బస్సెక్కి ఘాట్‌ మీదికి చేరేసరికి చట్టం మారిపోతుంది. బస్సు అదే, కండక్టరు అతనే, చేతిలో టికెట్టూ అదే. కింద ఊళ్లో డబ్బున్నవాడు స్థలం కొనుక్కోవచ్చు. పైన గిరిజనుడి భూమిని గిరిజనేతరుడి పేర రాస్తే ఆ దస్తావేజు చెల్లదు. 1959లో తెచ్చిన భూబదలాయింపు నిబంధనను 1970లో ఇంకా బిగించారు. అసలు 1839లోనే కుంఫిణీ ప్రభుత్వం గంజాం, విశాఖ మన్యాలను మామూలు కోర్టుల కిందనుంచి తప్పించి, కలెక్టరును ఏజెంటుగా పెట్టి అప్పగించింది. ‘ఏజెన్సీ’ అన్న మాట అలా వచ్చిందే.

ఈ కొండల అంచున బతికినవాళ్లకి అంతరిక్ష కేంద్రాల మీద ఆడే పాత్రాభినయపు ఆటలు ఇట్టే పట్టుబడతాయని నా నమ్మకం. ఆ ఆటల బలమంతా ఒక్క ప్రశ్నలో ఉంది: ఇప్పుడు నువ్వు నిలబడ్డ చోటు ఎవరి ఏలుబడి?

ఆట తీరు తేలిక. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు సూత్రధారి. మిగతావాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని, ఆ పాత్ర ఏమంటుందో, ఏం చేస్తుందో చెబుతూ పోతారు. ఏమవుతుందో తేలని చోట పాచికలు వేస్తారు. 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ఈ పద్ధతి అచ్చులోకి వచ్చింది. మూడేళ్లకు, 1977లో, మార్క్ మిల్లర్ రాసిన ‘ట్రావెలర్’ దాన్ని నక్షత్రాల మధ్యకు తీసుకెళ్లింది. అందులో ప్రతి లోకానికీ గాలి ఎంత, నీళ్లెంత, జనమెంత అని అంకెలుంటాయి. వాటి పక్కనే చట్టానికీ ఒక అంకె ఉంటుంది. సున్నా అయితే ఏ ఆయుధమైనా పట్టుకు తిరగొచ్చు. అయిదుకి వచ్చేసరికి దాచుకోగలిగే పిస్తోలు లాంటివి కూడవు. తొమ్మిదిలో ఇంటి గడప దాటితే ఏ ఆయుధమూ ఉండకూడదు.

అంతటితో ఆగితే అది పట్టిక మాత్రమే. మిల్లర్ ఆ అంకెను పాచికలకు కట్టాడు. రెండు పాచికల మొత్తం ఆ అంకెకు తగ్గితే పోలీసు వచ్చి ఆపుతాడు. చట్టం మూడున్న చోట 36లో 35 వంతులు మీ దారిన మీరు పోతారు. తొమ్మిదున్న చోట తప్పించుకునేది 36లో 10 వంతులే. పుస్తకంలోని సెక్షను ఆటగాడి వెన్నులో చలిగా మారేది ఇక్కడే. ఆ ఆటలోనే అంతరిక్ష రేవు నక్షత్రాలను ఏలే సామ్రాజ్యపు నేల, దాని కంచె బయట ఆ గ్రహం వాళ్ల చట్టం. కంచె లోపల నడుముకున్న తుపాకీ అలంకారం, పది అడుగులు వేస్తే నేరం. ప్రమాదకరమైన లోకాలకు పసుపు గుర్తు, అడుగు పెట్టకూడని వాటికి ఎరుపు గుర్తు వేసేది యాత్రికుల సహాయ సంఘం.

నిజం ఇంకా చిక్కుగా ఉంటుంది. 1967 నాటి అంతరిక్ష ఒప్పందంలో ఎనిమిదో అధికరణం ప్రకారం, నింగిలోకి పంపిన వస్తువు మీదా అందులోని మనుషుల మీదా అధికారం దాన్ని నమోదు చేసిన దేశానిదే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఒక ఇల్లు కాదు, వేర్వేరు దేశాల గదులను కలిపి బిగించిన వరస. 1998 జనవరి 29న 15 దేశాలు రాసుకున్న ఒప్పందంలో ఏ గదిలో ఉన్నా నేరం చేసినవాణ్ణి వాడి సొంత దేశం విచారించవచ్చని ఉంది. 2025 జూన్‌లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడికి వెళ్లినప్పుడు ఆ 15 దేశాల్లో భారత్ లేదు. అయినా మన పౌరుడు దేశం బయట ఎక్కడ నేరం చేసినా భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. అంటే అలాంటి అతిథి వెంట మన చట్టం వస్తుంది, కాలి కింద గది నమోదైన దేశపు చట్టం ఉంటుంది. సూత్రధారికి ఇంతకన్నా మంచి ముడిసరుకు ఎక్కడ దొరుకుతుంది?

2001లో సొంత డబ్బుతో ఆ కేంద్రానికి వెళ్లిన డెన్నిస్ టిటో, అమెరికా భాగంలోకి తోడు లేకుండా అడుగుపెట్టననీ, ఏమైనా పాడుచేస్తే సొమ్ము కడతాననీ ఒప్పుకోవలసి వచ్చింది. అతిథి భద్రతలో సగం అతిథి నుంచి ఇంటిని కాపాడుకోవడమే. మిగతా సగం నిప్పు, గాలి కారిపోవడం, అమ్మోనియా. ఈ మూడింటికీ కేంద్రంలో కసరత్తులు చేయిస్తారు. కేంద్రాన్ని వదలాల్సి వస్తే ఎవరి నౌకలోకి వాళ్లు చేరుకోవాలి. ఆటలో ఈ సూచనలను చాలామంది సూత్రధారులు విసుగనుకుని దాటేస్తారు. అది పొరపాటు. కేంద్రంలో కాలుపెట్టగానే ఓ ఉద్యోగి చేత ముసుగు ఎలా తొడుక్కోవాలో, మీ నౌక ఏ తలుపు అవతల ఉందో పాత్రలకు చెప్పించాలి. రెండు గంటల తర్వాత దీపాలు ఆరిపోయినప్పుడు ఆ మాటలు విన్నవాడు బతుకుతాడు.

చట్టాన్ని ఉపన్యాసంలా చదివితే ఆట చచ్చిపోతుంది. గుమ్మం దగ్గర ఏం లాక్కున్నారో, ఏ భాషలో కోప్పడ్డారో, ఎవరి యూనిఫాం చూసి ఎవరు పక్కకు తప్పుకున్నారో చూపిస్తే చాలు.

ఇంకో ఎత్తు ఉంది, దాన్ని మా కొండలే నేర్పాయి. మనుషులు కదలకుండా వాళ్ల కింద చట్టాన్ని కదిలించడం. తాతల నాటి నుంచి పోడు కొట్టుకుని బతికినవాణ్ణి 1882 మద్రాసు అటవీ చట్టం తన కొండ మీదే నేరస్తుణ్ణి చేసింది. ఆ మంట రాజుకుని, 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న మా పక్కనే ఉన్న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు దళం పడింది. ఆటలో కేంద్రం చేతులు మారిందనుకోండి. నిన్నటిదాకా తన గదిలో కూరగాయలు పెంచుకున్న ముసలావిడకు ఈ ఉదయం నోటీసు వచ్చింది. ఆవిడ పక్షాన నిలబడేదెవరని సూత్రధారి అడిగితే, బల్ల చుట్టూ కాసేపు ఎవరూ పాచికలు ముట్టుకోరు. ఈ ఆటల విలువ నాకు కనిపించేది ఆ నిశ్శబ్దంలో.

మన దేశం 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం కడతామంటోంది. తెలుగులో ఆడేవాళ్లకి నేను సూత్రధారినైతే దానిలాంటి కేంద్రంలోనే కథ మొదలెడతాను. తెర లేస్తుంది. రెండు దేశాల గదుల నడుమ సన్నటి దారి. గాలి సరిపడ్డాక తలుపు తెరుచుకుంటుంది. అవతల కాపలా ఉన్నావిడ కాగితాలు అడగదు. ఉత్తరాంధ్ర యాసలో, ఒకప్పుడు పన్ను వసూలుకు గీసుకున్న సరిహద్దు పేరుతోనే అడుగుతుంది: “మీరెవరి తాలూకు?”

ఇక చెప్పవలసింది ఆటగాళ్లు.