అంచు మీద వెనక్కి

ఫిగర్ స్కేటింగ్ బూటుని తిరగేసి బ్లేడు అడుగుభాగాన్ని వెలుతురులో పెట్టి చూడండి. మందం నాలుగు మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అంత సన్నటి ఉక్కు మధ్యలో, ముందు నుంచి వెనకదాకా ఒక గాడి తీసి ఉంటుంది. ఆ గాడికి రెండువైపులా మిగిలినవే అంచులు. బొటనవేలి వైపుది ఇన్‌సైడ్ ఎడ్జ్, చిటికెనవేలి వైపుది ఔట్‌సైడ్ ఎడ్జ్. చేతి గోరుని అంచుకి అడ్డంగా ఆనించి మెల్లగా లాగితే తెల్లటి పొడి రాలాలి. రాలకపోతే సాన పట్టించాలి. రెండు కాళ్లు, ఒక్కో కాలికి రెండు అంచులు, ముందుకీ వెనక్కీ రెండు దిశలు, వెరసి ఎనిమిది ఎడ్జ్‌లు. ఫిగర్ స్కేటింగ్‌లో ఎంత గొప్ప విన్యాసమైనా ఈ ఎనిమిదింటి మీదే నడుస్తుంది.

ముందుకెళ్లే నాలుగూ పెద్దవాళ్లకి కూడా కాస్త ఓపిక పడితే వస్తాయి. ఎటు పోతున్నామో కంటికి కనిపిస్తుంది కదా. వెనక్కి వెళ్లే నాలుగింటి దగ్గరే చాలామంది ఆగిపోతారు. నేనుండేది మిన్నెసోటాలో. చలికాలం వస్తే చెరువులు గడ్డకట్టి, వాటి మీదే పిల్లలు హాకీ ఆడుకునే చోటు. నలభై దాటాక ఇక్కడే మొదటిసారి స్కేటింగ్ బూట్లు కట్టుకున్నాను. వెనక్కి వెళ్లే ఎడ్జ్‌ల దగ్గరే చాలాకాలంగా ఉన్నాను, ఇంకా కొంతకాలం ఉంటాను. పెద్ద వయసులో నేర్చుకోవడానికి వచ్చినవాళ్లను ఈ మెట్టు మీంచి తొందరగా దాటించేస్తున్నారన్నది నా అభిప్రాయం. ఈ వారం దాని గురించే రాయాలనిపించింది.

బ్లేడు అడుగు పొడవునా చదునుగా ఉండదు. ఏడెనిమిది అడుగుల వ్యాసార్ధమున్న వృత్తంలోంచి చిన్న ముక్క తీసినంత వంపు ఉంటుంది. అందుకే ఏ అంచు మీదకు ఒరిగితే ఆ వైపుకి బ్లేడు దానంతటదే గుండ్రంగా తిరుగుతుంది. పాదంతో తిప్పక్కర్లేదు, భుజాలతో లాగక్కర్లేదు. మలుపులో సైకిల్ ఒరిగినట్టు, చీలమండ నుంచి తలదాకా ఒంటిని ఒకే గీతగా ఒరగనివ్వాలి. ఎక్కువ ఒరిగితే చిన్న వృత్తం, తక్కువ ఒరిగితే పెద్ద వృత్తం. వేగం పెరిగేకొద్దీ ఇంకాస్త ఒరగాలి. నడుము దగ్గర విరిగి, పైభాగం ఒక వైపుకీ కాలు ఇంకో వైపుకీ పోయాయంటే మాత్రం ఎడ్జ్ నిలవదు.

కుడికాలి బ్యాక్ ఔట్‌సైడ్ ఎడ్జ్ సంగతే తీసుకుందాం. వృత్తం మీద వెనక్కి వెళ్తున్నప్పుడు కేంద్రం మన కుడిచేతి వైపు ఉంటుంది. ఎడమకాలితో మంచుని సగం గుండ్రంగా తోసి, ఆ కాలు ఎత్తి ముందుకి చాపి, బరువంతా కుడికాలి మీదకు తెచ్చుకోవాలి. కుడి మోకాలు బాగా వంగి ఉండాలి. కుడి తుంటి వృత్తం లోపలివైపుకి పోవాలి. తల కుడిభుజం మీదుగా తిరిగి వెళ్తున్న దారిని చూడాలి. బరువు పాదం ముందుభాగంలో, వేళ్ల మొదళ్ల కింద ఉండే మెత్తటి చోట ఆనాలి. అక్కడి నుంచి ఇంకొంచెం ముందుకి జారితే బ్లేడు మొనకున్న పళ్లు, అదే టో పిక్, మంచుని గీకి వేగం చంపేస్తాయి. మడమ మీదకు జారితే ఒళ్లు వెల్లకిలా పోతుంది. మధ్యలో దొరికే ఆ చోటు చాలా చిన్నది. దొరికినప్పుడు మాత్రం సందేహం ఉండదు. గీకుడు చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయి, తోపు లేకుండానే బ్లేడు పరుగు తీస్తుంది.

ఔట్‌సైడ్ ఎడ్జ్‌లో ఒరిగేది రెండో కాలు లేని వైపుకి. ఇన్‌సైడ్ అయితే పడబోయినా ఆ పక్కనే రెండో కాలు ఉంటుంది, దించేస్తే సరిపోతుంది. ఇక్కడ ఆ వైపంతా ఖాళీ. పైగా వెళ్లే దిక్కుకి వీపు పెట్టి వెళ్లాలి. ఇన్నేళ్లూ పడకుండా నడవడానికి ఒళ్లు నేర్చుకున్న జాగ్రత్త అంతా ఆ క్షణంలో ఏకమై ఒరగొద్దంటుంది. నా మట్టుకు నాకు ఆ జాగ్రత్త మీద గౌరవం ఉంది. నాలుగేళ్ల పిల్ల పడితే మంచుకి దగ్గరగా ఉంటుంది, వెంటనే లేస్తుంది. నలభై ఐదేళ్ల మనిషి మణికట్టు విరిగితే నెలన్నర పాటు వంటా ఉద్యోగం రెండూ ఆగుతాయి. భయపడే పెద్దవాళ్లను చూసి నవ్వే కోచ్ దగ్గర నేర్చుకోవద్దని నేను గట్టిగానే చెబుతాను. భయం ఉన్నచోట వేగం తగ్గించాలి, వృత్తం పెద్దది చేయాలి, మోకాలికీ మణికట్టుకీ తుంటికీ ప్యాడ్లు కట్టుకోవాలి. పక్కకి ఒరిగి, కూలబడినట్టు పడటం ముందే నేర్చుకోవాలి. ఆ తర్వాత భయం తన పని తాను చేసుకుంటుంది, మనం మన పని చేసుకోవచ్చు.

మా బ్యాచ్‌లో అరవై దాటిన ఒకావిడ ఉన్నారు. ఆవిడకి వేగమంటే ఇష్టం లేదు. మెల్లగా, మనిషి నడిచేంత నెమ్మదిగా వెనక్కి వస్తూ ఒక ఎడ్జ్ మీద నిలబడతారు. ఎత్తిన కాలు ముందు నుంచి వెనక్కి తేవడానికి ఆవిడ తీసుకునే సమయంలో పక్కనుంచి పిల్లలు రెండుసార్లు చుట్టేసి వస్తారు. ఆ కాలు వెనక్కి వెళ్లేటప్పుడు కింది కాలి బ్లేడు ఏమాత్రం చలించదు. ఆవిడ గీసిన అర్ధవృత్తం ఎక్కడా అడ్డం తిరగకుండా మొదలైనంత శుభ్రంగా ముగుస్తుంది. మా రింక్‌లో గెంతులు వేసేవాళ్లలో చాలామందికి అలాంటి గీత లేదు.

గీత అంటే గుర్తొచ్చింది. సరిగ్గా చేశామో లేదో కోచ్ చెప్పేలోపే మంచు మీద కనిపిస్తుంది. కాలిఫోర్నియాలోని పారమౌంట్‌లో ఫ్రాంక్ జాంబోనీ 1949లో తయారుచేసిన యంత్రం, అదే ఇవాళ అందరూ జాంబోనీ అని పిలిచేది, పైపొర చెక్కి వేడినీళ్లు పరిచి వెళ్లాక మంచు మీద ఒక్క గీటూ ఉండదు. నేను కోరుకునే సమయం అదే. ఒక ఎడ్జ్ వేసి, ఆగి, వెనక్కి నడిచి వెళ్లి వంగి చూడాలి. ఒకే గీత ఉంటే ఎడ్జ్ మీద ఉన్నట్టు. నాలుగు మిల్లీమీటర్ల ఎడంలో రెండు గీతలు పక్కపక్కనే ఉంటే రెండంచులూ ఆనించి చదునుగా వెళ్లినట్టు. ఒకటిగా మొదలై, మధ్యలో రెండై, మళ్లీ ఒకటైందంటే ఒళ్లు ఎక్కడ జంకి నిటారుగా లేచిందో సరిగ్గా అక్కడ గుర్తు పడిందన్నమాట. తెల్లటి పొడి రాలి ఉంటే టో పిక్ తగిలినట్టు.

బ్యాక్ ఇన్‌సైడ్ గురించి ఎక్కువ చెప్పను. పైకి తేలిక, లోపల మోసం. చీలమండ లోపలికి పడిపోయినా ఎడ్జ్ వచ్చినట్టే అనిపిస్తుంది. తుంటి నిలబెట్టి ఒరిగినప్పుడే అది నిజమైన ఎడ్జ్.

ఇంత పట్టు ఎందుకంటే, పోటీల్లో మనం చూసే ఆరు రకాల జంప్‌లలో ఒక్క ఆక్సెల్ తప్ప మిగతా అయిదూ వెనక్కి వెళ్తూనే లేస్తాయి. టో లూప్, లూప్, లట్జ్ బ్యాక్ ఔట్‌సైడ్ నుంచి, సాల్కో, ఫ్లిప్ బ్యాక్ ఇన్‌సైడ్ నుంచి. ఆరూ దిగేది మాత్రం బ్యాక్ ఔట్‌సైడ్ ఎడ్జ్ మీదే. 2022 సెప్టెంబరులో లేక్ ప్లాసిడ్‌లో ఇలియా మాలినిన్ గాల్లో నాలుగున్నర చుట్లు తిరిగి, పోటీలో మొట్టమొదటి క్వాడ్ ఆక్సెల్ వేశాడు. దిగింది కుడికాలి బ్యాక్ ఔట్‌సైడ్ మీద, మా బ్యాచ్‌లోని ఆ పెద్దావిడ మెల్లగా సాధన చేసే ఎడ్జ్ మీదే. ఇక లట్జ్‌లో గాల్లో తిరగాల్సిన దిశకి ఎదురు వంపులో వస్తూ లేవాలి. ఆఖరి క్షణంలో పాదం లోపలి అంచుకి ఒరిగిపోవడం పెద్ద పెద్ద ఆటగాళ్లకీ ఉన్న జబ్బే. దానికి ఫ్లట్జ్ అని పేరు, జడ్జీలు మార్కులు కోస్తారు. పతకాలు తెచ్చుకున్నవాళ్లు కూడా ఆ అంచు కోసం పోరాడుతున్నప్పుడు, పెద్ద వయసులో మొదలుపెట్టిన మనం దాన్ని రెండు మూడు క్లాసుల్లో దాటేయాలనుకోవడం సబబు కాదు.

ఒకప్పుడు ఈ ఆటలో ఎడ్జ్‌లకే పెద్దపీట. '8' అంకె ఆకారాలూ, వాటి మీద ఎన్నో చిక్కుముళ్లూ ఒంటికాలితో గీసి, అదే గీత మీద మళ్లీ మళ్లీ వెళ్లాలి. జడ్జీలు వంగి గీతను పరీక్షించేవారు. వీటినే కంపల్సరీ ఫిగర్స్ అనేవారు, ఆటకి ఆ పేరొచ్చింది వీటివల్లే. 1972 సప్పోరో ఒలింపిక్స్‌లో ఆస్ట్రియాకి చెందిన ట్రిక్సీ షూబా ఫ్రీ స్కేటింగ్‌లో ఏడో స్థానంలో నిలిచినా, ఫిగర్స్ బలంతో స్వర్ణం గెలిచింది. ఫ్రీ స్కేటింగ్‌లో అందరికన్నా బాగా చేసిన జానెట్ లిన్‌కి కాంస్యం దక్కింది. టీవీలో ఫ్రీ స్కేటింగ్ మాత్రమే చూసినవాళ్లకి ఇది మింగుడు పడలేదు. మరుసటి ఏడాదే షార్ట్ ప్రోగ్రామ్ వచ్చింది, ఫిగర్స్ వాటా తగ్గుతూ పోయింది. 1990లో కెనడాలోని హాలిఫాక్స్‌లో జరిగిన ప్రపంచ పోటీలతో అంతర్జాతీయ వేదిక మీద వాటి కథ ముగిసింది. పోటీలోంచి తీసేయడం సరైనదే కావచ్చు, లిన్‌కి జరిగింది నాకూ అన్యాయంగానే కనిపిస్తుంది. కానీ నేర్పే పద్ధతిలోంచి కూడా వాటిని తోసేయడం నష్టమే. దూకడానికి మోకాళ్లు ఒప్పుకోని మాలాంటివాళ్లకి ఆ గీతలే సరైన సాధన. 2015లో లేక్ ప్లాసిడ్‌లో నల్లటి మంచు మీద కేవలం ఫిగర్స్‌కే ఒక పోటీ మొదలుపెట్టారని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకీ ఇందులో భాగం ఉంది. నాలుగు చక్రాల క్వాడ్ స్కేట్ల మీద చేసే ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో ఇవే ఇన్‌సైడ్, ఔట్‌సైడ్ ఎడ్జ్‌లు ఉన్నాయి. పాదం ఒరిగితే చక్రాల ఇరుసులు తిరిగి స్కేటు వంపులో పోతుంది. నేల మీద గీసిన వృత్తాల మీద ఫిగర్స్ పోటీలు ఆ ఆటలో ఇంకా నడుస్తున్నాయి. మన హైదరాబాదీ అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈ ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లోనే రెండు కాంస్యాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. మంచు లేదని ఎడ్జ్‌లు మానుకోనక్కర్లేదు.

ఇక అమెరికాలో, కెనడాలో ఉన్న మనవాళ్లకి ఒక మాట. శనివారం పొద్దున్న ఏ రింక్‌కి వెళ్లినా అద్దాల అవతల బెంచీల మీద పిల్లల కోసం ఎదురుచూస్తూ ఇద్దరు ముగ్గురు తెలుగు అమ్మానాన్నలు కనిపిస్తారు. వాళ్లలో ఒకాయన నన్ను అడిగారు, "ఈ వయసులో మనకెందుకండీ ఇది? పడితే ఎవరు చూస్తారు?" పడకుండా నేర్పే క్లాసులు ఉన్నాయని చెప్పాను. లర్న్ టు స్కేట్ యూఎస్ఏలో పెద్దవాళ్లకి విడిగా ఆరు మెట్ల పాఠాలున్నాయి. 1995 నుంచి అమెరికాలో పెద్దవాళ్లకే జాతీయ పోటీలు జరుగుతున్నాయి. అద్దె బూట్లతో మొదలుపెట్టండి, కానీ సాన పట్టినవి ఇమ్మని కౌంటర్ దగ్గర అడిగి తీసుకోండి. మొద్దు అంచు మీద ఎవరికీ ఎడ్జ్ రాదు. రద్దీగా ఉండే పబ్లిక్ సెషన్‌లో వెనక్కి వెళ్లకండి, పొద్దున్నే ఖాళీగా ఉండే వేళ చూసుకోండి. వెనక్కి వెళ్లడం దగ్గరికి వచ్చాక మాత్రం తొందరపడకండి, తొందరపెట్టే కోచ్‌కి ఇంకో నెల ఇక్కడే ఉంటానని చెప్పండి. మీ పిల్లల క్లాసు జరిగే గంటలోనే పెద్దవాళ్ల క్లాసు కూడా ఉందేమో వచ్చే శనివారం కనుక్కోండి.