ఒక కీర్తన, నాలుగు గొంతులు

ఒకే కీర్తనను ఇద్దరు ముగ్గురు విద్వాంసుల గొంతుల్లో వరసగా విని, తేడాలు పట్టుకుని, వాటి గురించి మాట్లాడుకోవడం కర్ణాటక సంగీత రసికులకు పాత అలవాటు. రికార్డులు రాకముందు ఈ పోలికకు జ్ఞాపకమే ఆధారం. పోయినేడు ఉత్సవాల్లో విన్న తోడిని ఈ ఏడు విన్న తోడి పక్కన పెట్టేవారు. అందులో సగం వినికిడి, సగం అభిమానం. గ్రామఫోను ప్లేటు వచ్చాక అదే సంగతి అదే చోట ఎన్నిసార్లయినా వినపడసాగింది. వాదనకు సాక్ష్యం దొరికింది.

ఈ అలవాటుకు నెల్లూరు తీరం చక్కగా కుదిరిన చోటు. రైలు దారిలో నెల్లూరు నుంచి మద్రాసు సుమారు 175 కిలోమీటర్లు, విజయవాడ సుమారు 255. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా జిల్లా మద్రాసు రాష్ట్రంలోదే. మద్రాసు రేడియో కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాయి. మీడియం వేవ్ తరంగాలు ఎండు నేల మీదకన్నా ఉప్పునీటి మీద బలం తగ్గకుండా ఎక్కువ దూరం సాగుతాయి. రాత్రిపూట వాటి పరిధి ఇంకా పెరుగుతుంది. తీరం వెంబడి ఊళ్లకు ఇది కలిసొచ్చిన సంగతి. రేడియో ముల్లు కాస్త తిప్పితే ఒకవైపు అరియక్కుడి, శెమ్మంగుడి, జి.ఎన్.బి.ల బాణీ, ఇంకోవైపు బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నంల పాట. రెండు పాఠాంతరాల నడుమ పెరిగిన చెవికి పోల్చడం ఎవరూ నేర్పక్కర్లేదు.

పాఠాంతరం అంటే గురువు నోటి నుంచి శిష్యుడికి చేరిన పాఠం. త్యాగరాజ కీర్తన అచ్చుపుస్తకంలో ఉన్నది ఉన్నట్టు పాడేది కాదు. సంగతులెన్ని, ఏ వరసలో, అనుపల్లవి ఎత్తుగడ ఎక్కడ, చిట్టస్వరం ఉందా అనేవి శిష్య పరంపరను బట్టి మారతాయి. అందుకే రికార్డులు పోల్చేవారు గొంతు బాగుందా లేదా అన్న ప్రశ్నను చివరికి వాయిదా వేస్తారు. ముందు సంగతులు లెక్కపెడతారు. శ్రీపాద పినాకపాణి స్వరలిపిలో రాయగా తిరుమల తిరుపతి దేవస్థానం అచ్చువేసిన నాలుగు సంపుటాల ‘సంగీత సౌరభం’ ఈ పనికి మంచి తోడు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఆయన శిష్యులైన నేదునూరి కృష్ణమూర్తి రికార్డు వింటే కాగితం మీదున్న స్వరానికి గమకం ఎంత కలుస్తుందో తెలుస్తుంది.

పోలికకు ‘నగుమోము’ను మించిన ఉదాహరణ దొరకడం కష్టం. దాని రాగం ఆభేరి. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చువేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ ఆభేరిని శుద్ధ ధైవతంతో చూపుతుంది. ఇప్పుడు కచేరీల్లో ఎక్కువగా వినపడేది చతుశ్రుతి ధైవతం. ఈ రెండో తీరు ఇంతగా పాతుకుపోవడానికి ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరు గ్రామఫోను రికార్డే ముఖ్య కారణమని సంగీతజ్ఞులు చెబుతారు. అదే నిజమైతే, ఊరూరా తిరిగిన ఓ చిన్న ప్లేటు ఒక రాగం రంగునే మార్చిందన్నమాట. ఈ తేడా పట్టుకోవాలనుకునే కొత్త శ్రోత పాటంతా చెవి రిక్కించి కూర్చోనక్కర్లేదు. ఆభేరి ఆరోహణలో ధైవతం లేనే లేదు. పైషడ్జం నుంచి నిషాదం మీదుగా పంచమానికి దిగేటప్పుడు, ఆ ఒక్క మెట్టు దగ్గర ఆగి వింటే చాలు. శుద్ధ ధైవతం పాటకు దిగులు తెస్తుంది. చతుశ్రుతి వెలుతురు తెస్తుంది.

పోలిక మొదలుపెట్టేముందు చూడాల్సింది శ్రుతి. మగవారి గొంతు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో, ఆడవారిది అయిదు, అయిదున్నరలో ఉంటుంది. పాత ప్లేట్ల మీద 78 అని రాసి ఉన్నా అన్నిటినీ అదే వేగంతో రికార్డు చెయ్యలేదు. నిమిషానికి 74 చుట్ల వేగంతో చేసిన ప్లేటును 78తో తిప్పితే పాట దాదాపు ఒక స్వరస్థానం పైకి పోతుంది, కాలం కూడా పరుగెడుతుంది. ‘ఆ రోజుల్లో బిరకాలు ఎంత వేగం!’ అని మురిసిపోయే శ్రోత కొన్నిసార్లు మెచ్చుకుంటున్నది యంత్రాన్ని. టేపురికార్డరుదీ ఇదే కథ. బ్యాటరీలు నీరసించిన యంత్రం మీద పట్టిన కచేరీ మంచి యంత్రం మీద పెడితే చిన్నపిల్లల గొంతులా వినిపిస్తుంది. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని షడ్జం సరిచూడనిదే ఏ తీర్పూ చెప్పకూడదు.

తర్వాతది నిడివి. పది అంగుళాల ప్లేటు ఒకవైపు పట్టేది మూడు నిమిషాలు. పన్నెండు అంగుళాలదైతే నాలుగు పైచిలుకు. ఆ మూడు నిమిషాల్లో రాగం రెండు మూడు పట్టుల్లో తేల్చాలి, సంగతులు ఏరుకోవాలి, నెరవు వదిలెయ్యాలి. చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లె పాడిన ‘మధురానగరిలో’ జావళి ప్లేటు అంత పేరు తెచ్చుకున్నది ఈ పొదుపుతోనే. ద్వారం వెంకటస్వామి నాయుడి వయొలిన్ ప్లేట్లలోనూ వృథాగా పోయిన కమాను ఒక్కటి దొరకదు. అలాంటి ప్లేటును నలభై నిమిషాల కచేరీ టేపుతో తూచడం తూకపురాళ్లు మార్చి తూచడమే. ప్లేటును ప్లేటుతో, కచేరీని కచేరీతో పోల్చాలి. కేసెట్టుకూ తన ఇబ్బంది తనకుంది. తొంభై నిమిషాల కేసెట్టు ఒకవైపు నలభై అయిదు నిమిషాలే. తానం మధ్యలో టేపు ‘టక్’మని ఆగి, రెండోవైపు తిప్పేసరికి పల్లవి ఎత్తుగడ పోయిన రికార్డులు చాలా ఇళ్లలో ఉన్నాయి.

సాహిత్యం దగ్గర తెలుగు శ్రోతది పైచెయ్యి. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం కాబట్టి ఆ లిపిలో నేర్చుకున్నవారి నోట కొన్ని పదాలు అటూ ఇటూ అవుతాయి. ఊపిరి పదం మధ్యలో తెగి అర్థం చెదురుతుంది. ఇది పట్టుకోవడం సులువు, అందుకే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఉచ్చారణ ఒక్కటే కొలత అయితే తెలుగు మాట్లాడేవాళ్లందరూ విద్వాంసులే కావాలి. పదం విరిగినా రాగభావం విరగని గొంతులు దక్షిణాన ఎన్నో ఉన్నాయి.

అన్నిటికన్నా లాభసాటి పోలిక ఇద్దరి మధ్య కాదు. ఒకే విద్వాంసుడి రెండు రోజుల మధ్య. కీర్తన నేర్చిన పాఠం గనుక పెద్దగా మారదు. ఆలాపన, నెరవు, కల్పనస్వరం ఆనాటి మనోధర్మం. బాలమురళి చిన్ననాటి గొంతుతో పాడిన రాగాన్ని ముదిమిలో పాడిన దానితో కలిపి వింటే, వయసు ఏది తీసుకుపోయిందో, ఏది ఇచ్చిందో రెండూ వినపడతాయి.

న్యాయంగా వినడానికి రెండు చిట్కాలున్నాయి. ఒకటి, పేరు చెప్పకుండా వినిపించడం. పేరు తెలిస్తే చెవి ముందే తీర్పు రాసేస్తుంది. రెండు, రెండు రికార్డుల ధ్వని సమానంగా పెట్టడం. కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు తోచడం మనిషి చెవికున్న బలహీనత.

రికార్డు ఎంత అరుదైనదైనా వివరాలు లేకపోతే పోలికకు సగం పనికిరాదు. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో తొలి రికార్డింగులు చేసినప్పుడు పాట చివర గాయకులు తమ పేరు తామే చెప్పేవారు. ప్లేట్లు తయారయ్యేది జర్మనీలో, అక్కడివాళ్లకు ఎవరి పాట ఏదో తెలియాలి కదా. కేసెట్టు మీద ఆ పని చేతిరాతది. పాడినవారు, వయొలిన్, మృదంగం, ఊరు, తేదీ, కీర్తనల వరస ఉండాలి. ఊరి పేరు మాత్రమే రాస్తే చాలదు. పెన్న అవతలి ఒడ్డున నెల్లూరు వారి కోవూరు ఉంది. త్యాగరాజు కోవూరు పంచరత్నాలు చెప్పింది మాత్రం మద్రాసు దగ్గరి కోవూరు సుందరేశుడి మీద.

ఇక సముద్రపు గాలి. తేమకు టేపు మీద తెల్లటి బూజు పడుతుంది; అలాంటిది నడిపితే యంత్రం తలకు అంటుకుని తర్వాతి కేసెట్టుకూ పాకుతుంది. ప్లేట్లను నిలువుగా పేర్చాలి. ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే ఎండాకాలానికి వంగిపోతాయి. పాత 78 ప్లేట్లు లక్కతో చేసినవి, స్పిరిట్ తగిలితే లక్క కరుగుతుంది. వాటిని స్పిరిట్‌తో తుడవకూడదు.

భారత చట్టం ప్రకారం ప్రచురితమైన రికార్డు మీద హక్కు, ప్రచురణ మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. కాబట్టి 78 ప్లేట్లలో చాలా భాగం ఇప్పుడు ఎవరైనా పంచుకోవచ్చు. అటక మీది కేసెట్లను ఫోనులోకి ఎక్కించే పనికి పూనుకునేవారు పాటకన్నా ముందు పెట్టె మీది చేతిరాతను ఫోటో తీసి పెట్టుకోవాలి. టేపు ఇంకో పదేళ్లు ఆగినా ఆ సిరా ఆగదు.