రెండు దేశాలు, ఒక నది

రెండు ప్రభుత్వాలు చేతులు కలిపి సినిమా తీస్తే ఎలా ఉంటుందంటారు? వియ్యంకులిద్దరూ చెయ్యి పెట్టిన పెళ్ళివంటలా ఉంటుంది. ఎవరికీ కారం తగలకూడదు కదా! భారత్, బంగ్లాదేశ్ ప్రభుత్వ చలనచిత్ర సంస్థలు కలిసి నిర్మించగా 2023లో విడుదలైన 'ముజీబ్' చూస్తున్నంతసేపూ నాకిదే తోచింది. దర్శకుడేం తక్కువవాడు కాదు. మన తిరుమలగిరిలో పుట్టి, 'అంకుర్' తీసిన శ్యామ్ బెనెగల్. ఏం లాభం? ముజీబుర్ రహమాన్ తెర నిండా ఉన్నాడు గానీ, విగ్రహంలా ఉన్నాడు. ఇంట్లో భార్యతో మాట్లాడినా సభలో మాట్లాడినట్టే ఉంది.

ఋత్విక్ ఘటక్ 'తితాష్ ఏక్‌టి నదీర్ నామ్' (1973) సంగతి వేరు. దాన్ని ఏ ప్రభుత్వమూ తీయించలేదు. ఘటక్ ఢాకాలో పుట్టాడు. 1947లో తెల్లవాడు పోతూ గీసిన గీతతో ఆ ఊరు పరాయిదైపోయింది. బంగ్లాదేశ్ ఏర్పడ్డాక కలకత్తా నుంచి అక్కడికెళ్ళి, అక్కడి నిర్మాత డబ్బుతో, అక్కడి నటులతో, తితాష్ ఒడ్డు బెస్తవాడల్లో పుట్టిన అద్వైత మల్లబర్మన్ నవలను తెరకెక్కించాడు.

లోపాల్లేవా అంటే, ఉన్నాయి. కథ అక్కడక్కడ తెగుతుంది. ఏడుపులు ఓ పాలు ఎక్కువే. అయితేనేం, చివర్లో ఎండిపోయిన ఏట్లో బాసంతి గుక్కెడు నీళ్ళకోసం ఇసుక తవ్వుతుంటే, తన ఊరికోసం ఘటకే తవ్వుతున్నాడనిపించింది. అంతలో ఆమె కళ్ళముందు పచ్చటి వరిచేను, అందులో బూర ఊదుకుంటూ పరుగెత్తే ఓ పిల్లాడు!